బైండు చేసిన గొంతు

కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆ అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క రిపేర్ల అబ్బాయికే. అందుకే విరిగిన కళ్ళజోడుని తనే జిగురు పెట్టి అతికించుకుని, అది ముక్కు మీద సరిగ్గా కూర్చోవడం లేదంటూ ఆమె దగ్గరికే పట్టుకొచ్చాడు.

ఆమె దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. అతికిన చోట జిగురు బుడిపెలు కట్టి, అద్దం మీదికి కూడా కొంచెం పాకింది.

"మీరేం పని చేస్తుంటారు?" అని అడిగింది.

ఫోన్లూ ట్యాబ్లెట్లూ బాగుచేస్తానని, వీధి చివర షాపు తనదేనని అతను కాస్త గర్వంగానే చెప్పాడు.

"అవి కూడా ఇలాగే చేస్తారా?"

వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆమె అక్కడితో వదలకుండా, తెలియని పనిలో వేలు పెట్టకూడదని, ఇంట్లో ఉన్న జిగురంతా కనపడిన వస్తువుకల్లా పులమకూడదని చిన్న ఉపన్యాసం ఇచ్చింది. అతను బడిపిల్లాడిలా తలూపాడు. కొత్త ఫ్రేము పెట్టించుకుని వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూశాడు. ఆమె చూడనట్టు నటించింది. ఆ రోజు నుంచి మనసులో అతనికి 'జిగురుగారు' అని పేరు పెట్టుకుంది. నచ్చని మనిషికి ఎవరూ పేరు పెట్టి మరీ గుర్తుంచుకోరన్న సంగతి ఆమెకి తట్టలేదు.

తొమ్మిది రోజులు గడిచాయి. వాన పట్టుకుని అప్పటికి వారమైంది. గురువారం పొద్దున వాళ్ళింట్లో ట్యాబ్లెట్ చచ్చిపోయింది.

పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అంటారేమో. ట్యాబ్లెట్ అయితే కొనుక్కోవచ్చు. అది వాళ్ళ నాన్న గొంతు.

నాన్న బైండింగ్ మేస్త్రి. ముప్పై ఏళ్ళపాటు కటింగ్ మెషిన్ పక్కన నిలబడి పుస్తకాలకి అట్టలు కట్టాడు. నాలుగు నెలల కిందట ఆయన గొంతులో గడ్డ ఉందని తేలింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలని, ఆ తర్వాత మాట రాదని డాక్టరు చెప్పింది. ఆపరేషన్‌కి పది రోజుల గడువు దొరికింది. ఆ పది రోజులూ నాన్న కిటికీ పక్కన కూర్చుని, రోజూ ఇంట్లో మాట్లాడే మాటలన్నీ ఒక్కొక్కటిగా ట్యాబ్లెట్లోకి చెప్పాడు. తెర మీద గళ్ళు ఉంటాయి. గడి మీద వేలు పెడితే ఆయన గొంతు పలుకుతుంది. 'ఆకలేస్తోంది', 'ఆ ఫ్యాను తగ్గించు', 'పిచ్చుకా, గొడుగు మర్చిపోకు'. పిచ్చుక అంటే ఆమే. మొదటి పేజీలో మొదటి గడిలో ఆయన ఎక్కువగా వాడే మాట ఉంది. మెషిన్ చప్పుళ్ళ మధ్య బతికిన మనిషి కదా, ఎవరేం చెప్పినా ముందు "ఏంటీ? మళ్ళీ చెప్పు, వినపడలేదు" అనడం ఆయనకి అలవాటు.

ఆఖరి పేజీలో ఆరు గళ్ళున్నాయి. వాటి మీద ఏమీ రాసి లేదు. అవి ముట్టుకోవద్దని, వాటి రోజు వస్తే తనే నొక్కుతానని నాన్న ముందే చెప్పాడు. జబ్బు తిరగబెట్టి, ఇక దక్కనని తెలిసిన రోజు కోసం దాచిన వీడ్కోలు మాటలేమోనని ఆమె భయం. అందుకే ఆ పేజీ వైపు వేలు కూడా పోనిచ్చేది కాదు.

వీటన్నిటికీ ఇంకో చోట కాపీ లేదు. అది ఆమె తప్పే. కాపీ చేసి పెట్టమని నాన్న మూడుసార్లు పలక మీద రాసి చూపించాడు. మూడుసార్లూ "ఆదివారం చేస్తాను నాన్నా" అంది. ఆదివారాలు వచ్చాయి, వెళ్ళాయి. బట్టలుతకడం అయింది, నిద్రపోవడం అయింది, కాపీ మాత్రం కాలేదు.

ఆ గురువారం ట్యాబ్లెట్ తెర మీద కంపెనీ గుర్తు వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. అంతకుమించి ముందుకు కదలలేదు. నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆరినప్పుడల్లా ఆమె ముఖంలోకి చూశాడు.  ఏమీ కాలేదని, ఇట్టే బాగైపోతుందని అనేసి, దాన్ని తువ్వాల్లో చుట్టుకుని వానలో పరుగెత్తింది.

నాలుగు రోడ్ల కూడలిలో పెద్ద షాపులో ఉన్నతను తువ్వాలు పూర్తిగా విప్పకుండానే, రీసెట్ కొడితే పది నిమిషాల్లో కొత్తదానిలా అయిపోతుందన్నాడు. లోపలున్నవి ఉంటాయా అని అడిగింది. కొత్తదానిలా అంటే ఖాళీగానే కదా అని అతను బటన్ మీదికి బొటనవేలు తీసుకెళ్ళాడు. ఆమె ట్యాబ్లెట్ లాక్కుని బయటపడింది. మెట్ల మీద నిలబడి ఊపిరి పీల్చుకున్నాక, ఇక మిగిలింది వీధి చివరి షాపేనని గుర్తొచ్చింది. ఆ షాపు గుర్తు రాగానే తన ఉపన్యాసం కూడా మొత్తం గుర్తొచ్చింది.

అతను ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు సరిగ్గానే కూర్చుందని తనంతట తనే చెప్పాడు. ఆమె నవ్వలేకపోయింది. తువ్వాలు బల్ల మీద పెట్టి, కింద నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

"లోపల ఏముందండీ?" అని అడిగాడు.

"మా నాన్న గొంతు."

అతను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆదివారాల సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. అతను తిట్టలేదు. కిటికీలోంచి వానని, మిణుకుమిణుకుమంటున్న దీపాన్ని చూసి, ఇలా కరెంటు వచ్చిపోతున్నప్పుడు ఇక్కడ ముట్టుకోనన్నాడు. నిన్నటిదాకా ఏ చోట బాగా పనిచేసిందో ఆ చోటు చూడాలని, సాయంత్రం ఐదింటికి ఇంటికొస్తానని చెప్పాడు. అప్పటిదాకా చార్జరు పెట్టవద్దన్నాడు.

"బాగవుతుందా?" అని అడిగింది.

"చెప్పలేనండీ. అవుతుందని చెప్పి మిమ్మల్ని పంపించెయ్యచ్చు. కానీ నాకు తెలియదు."

ఆ నిజాయితీకి ఆమెకి ధైర్యం రావాలి. రాలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజు షాపులో ముగ్గురి కళ్ళజోళ్ళకి కుడి అద్దం ఎడమ వైపు బిగించింది.

ఐదు కాకముందే అతను గుమ్మంలో తడిసి ముద్దై నిలబడ్డాడు. సంచీ మాత్రం పొడిగా ఉంది, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. నాన్న తల తుడుచుకోమని తువ్వాలిచ్చాడు. అది పొద్దున ట్యాబ్లెట్ చుట్టిన తువ్వాలే.

అతను జబ్బుమనిషిని చూడవచ్చిన డాక్టరులా ముందు గదంతా చూశాడు. ట్యాబ్లెట్ ఎక్కడ పెడతారని అడిగాడు. నాన్న కిటికీ గట్టు చూపించాడు. గట్టు మీద చెయ్యి పెట్టి చూస్తే చెమ్మగా ఉంది. తర్వాత ట్యాబ్లెట్ చేతిలోకి తీసుకుని అంచుల వెంట వేలు పోనిచ్చాడు. ఎర్ర గుడ్డ అట్ట, మూలలకి తోలు ముక్కలు, వీపు మీద బంగారు రంగు గీతలు. ఇంత అందమైన ట్యాబ్లెట్ అతను ఎక్కడా చూసి ఉండడు.

ఈ కవరు ఒకసారి తియ్యచ్చా అని అడిగాడు.

నాన్న ముఖం మాడిపోయింది. పలక అందుకుని పెద్ద అక్షరాలతో రాశాడు. 'అది కవరు కాదు. బైండింగ్.'

ఆ సంగతి ఆమె చెప్పాల్సి వచ్చింది. రికార్డింగ్ పూర్తయిన రోజు, ఆపరేషన్‌కి ముందురోజు, నాన్న చివరిసారిగా చేసిన బైండింగ్ అది. పుస్తకానికి అట్ట తొడిగితే ఊడిపోతుందని, అతికిస్తే తరాలు ఉంటుందని ఆయన నమ్మకం. అందుకే ట్యాబ్లెట్ వీపుకి జిగురు రాసి, అట్ట వేసి, రాత్రంతా బరువు కింద ఉంచాడు.

"జిగురా?" అన్నాడు అతను.

ఆమె నేల చూపులు చూసింది. అతను మాత్రం ఇంకొక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

తన చార్జరు తగిలించి చూశాడు. గుర్తు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. నాలుగోసారి మాత్రం గుర్తు బదులు నల్లటి తెర మీద ఇంగ్లీషులో చిన్న చిన్న వరుసలు వచ్చాయి. మొదటి వరుస మీద నీలం పట్టీ ఉంది. హమ్మయ్య, ఏదో ఒకటి వచ్చిందని ఆమె అనుకునేలోపు, ఎవరూ ముట్టుకోకుండానే ఆ పట్టీ ఒక మెట్టు కిందికి దిగింది.

అతని ముఖంలో రంగు మారింది.

"ఏమైంది?"

"ఇందులో ఐదో వరుస చూడండి. అది అంతా తుడిచేసే వరుస." గొంతు తగ్గించి, మాట తడబడకుండా చెప్పాడు. "పట్టీని కిందికి దింపే బటన్ దానంతట అదే నొక్కుకుంటోంది. పవర్ బటన్ నొక్కితే పట్టీ ఉన్న వరుసకి ఒప్పుకున్నట్టు. ఆ బటన్ కూడా సగం నొక్కుకుని బిగుసుకుంది, ఎప్పుడు పూర్తిగా నొక్కుకుంటుందో చెప్పలేం. పొద్దుటి నుంచి ఆరి వెలుగుతున్నది అందుకే."

ఆపెయ్యమంది. ఆపాలన్నా పవర్ బటనే నొక్కాలన్నాడు. తుడిచేసే ముందు ఇంకోసారి అడగదా అంది. అడుగుతుంది, కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పేదీ ఈ పిచ్చి బటన్లేనన్నాడు. అప్పటికే పట్టీ మూడో వరుసకి వచ్చింది. అతను పట్టీని పైకి ఎక్కించే బటన్ మీద బొటనవేలు గట్టిగా అదిమాడు. పట్టీ ఒక మెట్టు ఎక్కింది. చిన్నగా టిక్కుమని మళ్ళీ దిగింది. అతను ఎక్కించాడు, అది దిగింది. బొటనవేలి గోరు తెల్లబడిపోయింది.

ఆమె నాన్న కళ్ళలోకి చూడలేకపోయింది.  ఒక్క ఆదివారం, ఒక్క గంట కూర్చుని ఉంటే ఈ పూట ఇలా ఉండేది కాదు.

"అట్ట ఉబ్బింది మేస్త్రిగారూ," అన్నాడు అతను, తెర మీంచి చూపు మరల్చకుండా. "వారం రోజుల చెమ్మకి ఉబ్బి, పక్కనుంచి బటన్లని నొక్కుతోంది. దాన్ని కొయ్యాలి. మీరు కట్టిన బైండింగ్ కొయ్యమనడానికి నాకు నోరు రావడం లేదు. కానీ నా వేలు ఎంతసేపు ఆగుతుందో తెలియదు."

 పట్టీ నాలుగో వరుసకి దిగింది. అతను ఎక్కించాడు.

నాన్న లేచాడు. మంచం కింద నుంచి పాత రేకు పెట్టె లాగి, బైండింగ్ కత్తి తీశాడు. వచ్చి అతని భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు అట్టలు కోసిన చెయ్యి.  ఎర్ర గుడ్డ మీద అంచు వెంట ఒక్క గీత గీశాడు. గుడ్డ విడిపోయింది, లోపలి అట్ట తడిసి మెత్తబడి పొరలుగా లేచింది. ఆయన దాన్ని పీచు పీచుగా ఒలుస్తూ బటన్ల దాకా వచ్చాడు. అక్కడ జిగురు కారి, గట్టిపడి, పవర్ బటన్ సందులో చేరి ఉంది. అంత సన్నటి సందులో కత్తి పట్టదు.

"పిన్నీసు లాంటిదేమైనా ఉందా?" అని అతను అడిగాడు.

ఆమె అప్పటికే సంచీలోంచి కళ్ళజోళ్ళ స్క్రూడ్రైవర్ తీసింది. రోజుకి నలభైసార్లు ఆవగింజంత స్క్రూలు తిప్పే చెయ్యి అది. కానీ ఇప్పుడు ఆ బటన్ని కొంచెం లోపలికి నెట్టినా అంతే సంగతులు. ఆమె వంగింది. అతని తల ఆమె తలకి తగిలింది. ఎవరూ వెనక్కి జరగలేదు.

"నాకు భయంగా ఉంది," అంది.

"నాక్కూడా. పట్టీ పైన ఉన్నప్పుడు చెప్తాను, అప్పుడే ముట్టుకోండి." ఎక్కించాడు. "ఇప్పుడు."

ఆమె మొన పెట్టి గీకింది. పట్టీ దిగగానే ఆపింది. అతను ఎక్కించి, ఇప్పుడు అన్నాడు. అలా ఎన్నిసార్లు చేశారో లెక్కలేదు. చివరికి గోధుమగింజంత జిగురు ముక్క ఊడి బల్ల మీద పడింది. బటన్ తేలిగ్గా పైకి లేచింది. నాన్న ఆఖరి అట్ట ముక్క పీకేశాడు. పట్టీ మొదటి వరుసలో ఆగిపోయింది. ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అది కదల్లేదు.

మొదటి వరుసంటే మామూలుగా తెరవమని అర్థం. అతను ఆమె వైపు చూశాడు. ఆమె తలూపింది. నొక్కాడు.

గుర్తు వెలిగింది. ఆరలేదు. అలాగే ఉండిపోయింది, నిమిషం, రెండు నిమిషాలు. లోపల ఏమీ మిగలకపోయినా ఇలాగే ఉంటుందా అని అడగాలనుకుని అడగలేకపోయింది. ఆమె చెయ్యి బల్ల మీద అతని చొక్కా చేతిని పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు.

తెర తెల్లబడింది. గళ్ళు వచ్చాయి.

నాన్న వేలు గళ్ళ మీద ఒక్క క్షణం ఆగి, ఒకటి నొక్కింది.

"పిచ్చుకా, గొడుగు మర్చిపోకు," అంది నాన్న గొంతు.

ఆమె నాన్న ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, అది వాన తడి అన్నట్టు కిటికీ వైపు చూశాడు. ఆ సాయంత్రమే కూర్చుని గొంతంతా రెండు చోట్ల కాపీ చేసి, అప్పుడు గానీ లేవలేదు. ఆదివారం దాకా ఆగుదామా అని అడిగాడు ఒకసారి. ఆమె చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. జిగురు గురించి మాత్రం వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అడిగాడు.

"కనపడిన వస్తువుకల్లా పులమకూడదని ఎవరో చెప్పారండీ నాకు. ఆవిడ మీకు తెలుసా?"

"తెలియదు," అంది ఆమె. నాలుగు రోజుల తర్వాత తలుచుకుని నవ్వుకుంది.

తర్వాత మూడు వారాల్లో అతని కళ్ళజోడు స్క్రూ ఐదుసార్లు వదులైంది. కొత్త ఫ్రేముకి ఇదేం రోగమని ఆమె మొదట కంగారుపడింది. ఐదోసారి భూతద్దం పెట్టి చూస్తే స్క్రూ తల మీద సన్నటి గీతలు కనపడ్డాయి. ఫోన్లు విప్పే స్క్రూడ్రైవర్ గీతలు. మామూలు రోజుల్లో అయితే ఆ దొంగతనాన్ని బెంచీ మీద వాళ్ళందరికీ వినపడేలా బయటపెట్టేదే. ఈసారి బెంచీ వైపు ఒకసారి చూసి, అతని వైపు వంగింది.

"ఇది దానంతట అది వదులవలేదు," అంది మెల్లగా.

అతను తప్పించుకోలేదు. "అవునండీ, నేనే విప్పాను. ఊరికే రావడానికి భయమేసింది. రావడం మానెయ్యడానికి ఇంకా భయమేసింది."

ఆమె జవాబు చెప్పకుండా స్క్రూ బిగించి ఇచ్చింది. ఇష్టం లేక కాదు. అవునంటే, పెళ్ళయ్యాక నాన్నని వదిలి వెళ్ళాల్సి వస్తుందేమో. అమ్మ చిన్నప్పుడే పోయింది. మాట లేని నాన్న, గొడుగు గుర్తుచేయడానికి ఎవరూ లేని గదిలో ఒక్కడే గళ్ళు నొక్కుకుంటూ కూర్చోవడం కళ్ళ ముందు కనపడింది. ఆదివారం ఇంటికి రమ్మని మాత్రం అంది. తన నోటి నుంచి ఆదివారం అన్న మాట రాగానే నాలుక కరుచుకుంది.

ఆదివారం అతను వచ్చాడు. నాన్న ట్యాబ్లెట్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. దానికిప్పుడు అట్ట లేదు. ఎర్ర గుడ్డతో ఆయన వదులుగా ఉండే సంచీ కుట్టాడు. మాటలు వాన మీదుగా, రిపేర్ల మీదుగా కాసేపు నడిచి ఆగిపోయాయి. అతను చేతులు నలుపుకున్నాడు. ఆమె కిటికీ రెక్క సర్దింది.

నాన్న ఇద్దరినీ చూశాడు. వేలితో పేజీలు జరుపుకుంటూ ఆఖరి పేజీకి వెళ్ళాడు.

"వద్దు నాన్నా," అంది ఆమె.  ఆ రోజు ఇదేనా, డాక్టరు తనకి చెప్పకుండా ఏమైనా చెప్పిందా అని ఒక్క క్షణంలో వంద ఆలోచనలు వచ్చాయి. నాన్న నవ్వి మొదటి గడి నొక్కాడు.

"పిచ్చుకా," అంది ఆయన గొంతు. ఆ పది రోజుల్లో ఎప్పుడో, ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో తెలియకముందు చెప్పిన మాట. "నువ్వు ఎవరినైనా ఇంటికి తెచ్చిన రోజున ఇది నొక్కుతున్నాను. అబ్బాయి నాకు నచ్చకపోతే అసలు నొక్కను. నా సంగతి నేను చూసుకుంటాను. నన్ను అడ్డం పెట్టుకోకుండా చెప్పు. నీకు ఇష్టమేనా?"

ఆమె కిటికీ రెక్క పట్టుకుని నిలబడింది. అతను తల ఎత్తలేదు. ఇన్నాళ్ళూ ఆ పేజీకి ఊరికే భయపడ్డానని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఆ ఆరు గళ్ళలో దాచింది వీడ్కోలు కాదు, రాబోయే మంచి రోజుల మాటలు.

"ఇష్టమే నాన్నా," అంది, తనకే వినపడనంత మెల్లగా.

నాన్నకి బాగానే వినపడింది. కళ్ళు తడిశాయి కూడా. అయినా తాపీగా ఒక్కొక్క పేజీ వెనక్కి జరుపుకుంటూ మొదటి పేజీకి వచ్చి, మొదటి గడి మీద వేలు పెట్టాడు.

"ఏంటీ? మళ్ళీ చెప్పు, వినపడలేదు."

అతను నవ్వాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, ఈసారి వీధిలోకి వినపడేలా చెప్పింది.